డబ్లిన్ నుంచి కార్క్ దాకా: స్టౌట్ కోసం నాలుగు రోజులు

బీరు నల్లగా ఉంటే మందు గట్టిదనీ, ఒక గ్లాసు తాగితే భోజనం చేసినంత బరువనీ చాలామంది అనుకుంటారు. వేయించిన బార్లీతో చేసే నల్లటి బీరు స్టౌట్. దాని కోసం ఐర్లండ్ వెళ్లేవాళ్లు ఈ రెండు అభిప్రాయాలనూ విమానం ఎక్కేముందే వదిలేసుకుంటే యాత్ర సగం బాగుపడుతుంది. ఎక్కడ ఎన్ని తాగాలి, ఏది సగం గ్లాసుతో ఆపాలి, ఏ సీసాను ఇద్దరు పంచుకోవాలి అన్నవి రంగు చూసి తేలే సంగతులు కావు. పక్కన రాసి ఉన్న ఆల్కహాల్ శాతమూ, గ్లాసు పరిమాణమూ చూడాలి.

లెక్క తేలికే. మిల్లీలీటర్లను ఆల్కహాల్ శాతంతో గుణించి, 100తో భాగించి, దాన్ని మళ్లీ 0.789తో గుణిస్తే ఆల్కహాల్ ఎన్ని గ్రాములో వస్తుంది. ఒక్కో గ్రాముకు 7 కాలరీలు. ఐర్లండ్ స్టౌట్‌లలో పేరున్న గిన్నిస్‌లో డ్రాట్ రకం, అంటే పబ్బులో కుళాయి నుంచి పోసేది, 4.2 శాతం. ఐరిష్ పింట్ 568 మిల్లీలీటర్లు కాబట్టి దాదాపు 19 గ్రాముల ఆల్కహాల్, అంటే 130 కాలరీల పైచిలుకు. మిగిలిన పిండిపదార్థాలు కలిపితే పింట్ మొత్తం 200-210 దగ్గర ఆగుతుంది. 5 శాతం ఉన్న మామూలు లాగర్ (లేత బంగారు రంగు బీరు) పింట్ 240 దాకా పోతుంది. నల్లటి గ్లాసే తేలిక అన్నమాట. తాగేటప్పుడు చిక్కగా అనిపించడానికి కారణం నైట్రోజన్. దాని బుడగలు చాలా చిన్నవి, అందుకే నురగ మీగడలా నాలుకను కప్పుతుంది. బాగా వేయించిన బార్లీ చేదు ఆ చిక్కదనాన్ని ఇంకా పెంచి చూపిస్తుంది. రంగు కూడా ఆ బార్లీదే. గ్లాసును దీపానికి అడ్డంపెట్టి అడుగు అంచున చూస్తే నలుపు కాదు, ముదురు కెంపు రంగు కనిపిస్తుంది.

ఐర్లండ్‌లో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 10 గ్రాముల ఆల్కహాల్. పింట్ అంటే దాదాపు రెండు. అక్కడి ఆరోగ్య శాఖ తక్కువ ప్రమాదమని చెప్పే హద్దు వారానికి మగవాళ్లకు 17, ఆడవాళ్లకు 11 స్టాండర్డ్ డ్రింక్‌లు. నాలుగు రోజుల యాత్రలో రోజుకు రెండు పింట్లు తాగితే మగవాళ్లకు వారం కోటా అయిపోయినట్టే, ఆడవాళ్లకు దాటిపోయినట్టే. ఈ యాత్రను సగం గ్లాసుల మీద నడపాలని మేము గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. పబ్బులో "గ్లాస్" అని అడిగితే సగం పింట్, అంటే 284 మిల్లీలీటర్లు వస్తుంది. ధర సగానికి కాస్త ఎక్కువే ఉంటుంది, అయినా నాలుగు రకాలు రుచి చూడాలంటే వేరే దారి లేదు.

డబ్లిన్‌లో అందరూ మొదట వెళ్లేది సెయింట్ జేమ్స్ గేట్ దగ్గరున్న గిన్నిస్ స్టోర్‌హౌస్‌కే. 1759లో ఆర్థర్ గిన్నిస్ ఏడాదికి 45 పౌండ్ల మీద 9,000 ఏళ్లకు లీజు రాయించుకున్న చోటు అది. ఆ లీజు ప్రతిని కింది అంతస్తులో నేలలోనే అమర్చారు. భవనం 1904 నాటి పులియబెట్టే గోదాము. 2000లో ఏడంతస్తుల సందర్శన కేంద్రంగా తెరిచారు. ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఏమిటంటే, మామూలు టికెట్‌తో కనిపించేది ప్రదర్శనే, నడుస్తున్న బ్రూవరీ (బీరు తయారీశాల) కాదు. మరుగుతున్న తొట్లు చూద్దామని వెళ్లేవాళ్లకు నిరాశ తప్పదు. వేయించిన బార్లీ ఉన్న అంతస్తు, పాత ప్రకటనల అంతస్తు, ఏడో అంతస్తులో ఊరంతా కనిపించే అద్దాల గ్రావిటీ బార్ మాత్రం నిజంగా బాగుంటాయి. "గిన్నిస్ ఒంటికి మంచిది" అని 1929లో మొదలైన ప్రకటనల వరుస అక్కడ చూడొచ్చు. దాన్ని చరిత్రగా చూడండి, వైద్య సలహాగా కాదు. ఇనుము ఎక్కువని అనుకుంటారు గానీ, గిన్నిస్‌లో అది చెప్పుకోదగ్గంత లేదు.

టికెట్ ధర రోజును బట్టి, గంటను బట్టి మారుతుంది. వారం మధ్యలో ఉదయం స్లాట్ చౌక, పైగా జనం తక్కువ. శనివారం మధ్యాహ్నం గ్రావిటీ బార్‌లో కిటికీ పక్కన నిలబడే చోటు కూడా దొరకదు. టికెట్‌లో ఒక పింట్ కలిసే ఉంటుంది, వద్దనుకుంటే ఆల్కహాల్ లేనిది అడగొచ్చు. నురగ మీద ముఖచిత్రం అచ్చువేసే ఏర్పాటుకు విడిగా డబ్బు పెట్టడం మా దృష్టిలో దండగ. పింట్ పోయడం నేర్పే అకాడమీకి పెడితే డబ్బుకు న్యాయం జరుగుతుంది, ఎందుకంటే అక్కడ నేర్చుకున్నది మిగిలిన యాత్రంతా పనికొస్తుంది.

స్టౌట్ రకాల మీద అసలైన ఆసక్తి ఉన్నవాళ్లకు అదే ఆవరణలో ఉన్న ఓపెన్ గేట్ బ్రూవరీ ఇంకా మేలు. కొత్త బీరు రకాలు ప్రయత్నించే చిన్న బ్రూవరీ అది, 2015 నుంచి బయటివాళ్లను రానిస్తోంది. చిన్న గ్లాసుల పళ్లెం తీసుకుంటే నాలుగైదు రకాలు పక్కపక్కన పోల్చుకోవచ్చు. వారంలో అన్ని రోజులూ తెరిచి ఉంటుందన్న ధీమాతో వెళ్లకండి, ముందే బుక్ చేసుకోండి. రెండిటిలో ఒక్కదానికే సమయముంటే, పిల్లలతో వెళ్లేవాళ్లు స్టోర్‌హౌస్‌కు వెళ్లాలి, బీరు కోసమే వెళ్లేవాళ్లు ఓపెన్ గేట్‌కు వెళ్లాలి.

బస విషయంలో ఒకటే సలహా: పబ్బులతో నిండిన టెంపుల్ బార్ పేట వీధుల్లో గది తీసుకోకండి. అర్ధరాత్రి దాటినా పాటలు, కేకలు ఆగవు, గది అద్దె కూడా ఎక్కువే. లిబర్టీస్ పేటలో థామస్ స్ట్రీట్ చుట్టుపక్కల ఉంటే బ్రూవరీకి నడిచే వెళ్లొచ్చు. నది అవతల స్మిత్‌ఫీల్డ్, స్టోనీబాటర్ ఇంకా నెమ్మదైన చోట్లు, మంచి పబ్బులు గుమ్మం ముందే ఉంటాయి, ట్రామ్ కూడా దగ్గర. మార్చి 17న వచ్చే సెయింట్ పాట్రిక్స్ డే వారంలోనూ, పెద్ద మ్యాచ్‌లు, కచేరీలు ఉన్న వారాంతాల్లోనూ అద్దెలు అమాంతం లేస్తాయి. తేదీలు ఖరారు చేసేముందు ఆ వారం ఊళ్లో ఏముందో చూడండి. విమానాశ్రయానికి రైలు లేదు, బస్సో టాక్సీయో ఎక్కాల్సిందే. నగర బస్సుల్లో నోట్లు తీసుకోరు, సరిపడా చిల్లర నాణేలు ఉండాలి. ముందే డబ్బు వేసుకునే ప్రయాణ కార్డు, లీప్ కార్డ్, కొనుక్కుంటే ఆ బాధ తప్పుతుంది.

ఇక పబ్బులు. టెంపుల్ బార్‌లో పింట్‌కు మిగతా ఊరి కంటే రెండు మూడు యూరోలు ఎక్కువ పడుతుంది, బీరు మాత్రం అదే. ఒకసారి వీధి చూసి ఫొటో తీసుకుని బయటపడితే చాలు. పూల్‌బెగ్ స్ట్రీట్‌లోని మలిగన్స్, ఫ్లీట్ స్ట్రీట్‌లోని ప్యాలెస్ బార్ నడిచే దూరంలోనే ఉన్నాయి. కాస్త దూరమైనా గ్లాస్‌నెవిన్‌లో శ్మశానం గోడకు ఆనుకుని ఉన్న జాన్ కవానా పబ్బుకు తప్పక వెళ్లాలి. 1833 నుంచి నడుస్తున్న ఈ పబ్బును ఊరంతా గ్రేవ్‌డిగ్గర్స్ అనే పిలుస్తుంది. టీవీ లేదు, పాటలు లేవు. చెక్క బల్లల మధ్య మాటలే వినిపిస్తాయి. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళితే కూర్చునే చోటు దొరుకుతుంది, పోసే మనిషికి తీరికా ఉంటుంది.

పోయడాన్ని దగ్గర నుంచి చూడండి. పొడి గ్లాసును 45 డిగ్రీలు వంచి, బీరు గోడ మీద జారేలా కుళాయి కింద పడతారు. గ్లాసు మీది గుర్తు దాకా, అంటే ముప్పాతిక వరకు నింపి పక్కన పెట్టేస్తారు. అప్పుడు బుడగలు గోడల వెంబడి కిందికి పోతున్నట్టు కనిపిస్తాయి. గ్లాసు పైకి పోయేకొద్దీ వెడల్పు కావడంతో బుడగలు మధ్యలో గుంపుగా పైకి లేస్తాయి, అంచున ఉన్న బీరు కిందికి దిగుతూ చిన్న బుడగలను వెంట లాక్కుపోతుంది. పైన నురగ, కింద నలుపు వేరుపడ్డాక కుళాయి పిడిని వెనక్కి తోసి సన్నటి ధారతో మిగతా నింపుతారు. నురగ అంచు కంటే కొద్దిగా పైకి ఉబ్బాలి, కారకూడదు. మొత్తం రెండు నిమిషాల పని, కంపెనీ చెప్పే లెక్క 119.5 సెకన్లు. సగం నిండిన గ్లాసు కౌంటర్ మీద కనిపించగానే మీదేనని చేయి చాచకండి, అది ఇంకా తయారవుతోంది.

పింట్ చెడిపోతే కారణం చాలాసార్లు గ్లాసులోనే చదవొచ్చు. లోపలి గోడకు బుడగలు అతుక్కుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదు, జిడ్డో సబ్బో మిగిలింది. ప్రతి గుక్కకూ గోడ మీద నురగ ఒక వలయం వదలాలి. వలయాలు పడకపోతే అదే సంగతి. పెద్ద బుడగలతో నురగ గరుకుగా ఉండి నాలుక చుర్రుమంటే గ్యాస్ మిశ్రమం తేడా. ఉండాల్సింది దాదాపు 75 వంతుల నైట్రోజన్, 25 వంతుల కార్బన్ డయాక్సైడ్. వెనిగర్ పులుపు, తడి అట్ట వాసన వస్తే గొట్టాలు శుభ్రం చేయక చాలా రోజులైంది, లేదా ఆ పబ్బులో స్టౌట్ పీపా నెమ్మదిగా ఖాళీ అవుతోంది. ఈ చివరిదే అసలు సూత్రం. చుట్టూ బల్లల మీద నల్ల గ్లాసులు ఎక్కువ కనిపించే పబ్బులోకే వెళ్లండి. బాగోకపోతే రెండు గుక్కల్లోనే మర్యాదగా చెప్పండి, మంచి పబ్బులో వాదించకుండా మారుస్తారు. ముప్పాతిక తాగాక చెబితే ఎవరూ వినరు.

స్థానికులతో కలిసి కూర్చుంటే రౌండ్ల పద్ధతి ఉంటుంది, ఒక్కొక్కరు వంతులవారీగా అందరికీ కొంటారు. ఐదుగురుంటే ఐదు పింట్లు, అంటే 1,000 కాలరీలు, 90 గ్రాములు దాటిన ఆల్కహాల్. మొదటి రౌండ్‌కు ముందే "నేను గ్లాసులే" అని చెప్పండి, లేదా మధ్యలో గిన్నిస్ 0.0 అడగండి. అందులో 100 మిల్లీలీటర్లకు 20 కాలరీల లోపే ఉంటాయి, చూడ్డానికీ తేడా తెలియదు. కారు అద్దెకు తీసుకున్నవాళ్లు అసలు ముట్టకపోవడమే మంచిది. హద్దు 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు, కొత్త లైసెన్సువాళ్లకు, వృత్తి డ్రైవర్లకు 20 మాత్రమే.

డబ్లిన్‌లోనే ఆగిపోయే యాత్ర అసంపూర్ణం. హ్యూస్టన్ స్టేషన్ నుంచి కార్క్‌కు రైలు రెండున్నర గంటల చిల్లర. ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే టికెట్ చౌక, సీటూ ఖాయం. కార్క్ స్టేషన్ నుంచి నడిచే దూరంలో మెకర్టన్ స్ట్రీట్ వైపు బస చూసుకుంటే సామాను మోసుకు తిరిగే పని ఉండదు. ఈ ఊరికి సొంత స్టౌట్‌లు రెండున్నాయి. మర్ఫీస్ 1856 నాటిది, 4 శాతం. బీమిష్ 1792 నాటిది, 4.1 శాతం. బీమిష్ పాత బ్రూవరీ 2009లో మూతపడింది, ఇప్పుడు రెండూ హైనెకెన్ కంపెనీ చేతిలోని లేడీస్ వెల్ బ్రూవరీలోనే తయారవుతాయి. సౌత్ మెయిన్ స్ట్రీట్‌లో బీమిష్ పాత భవనం ముఖాన్ని బయటి నుంచి చూసి రావడమే, డబ్లిన్‌లోలాంటి హంగులు ఇక్కడ ఏమీ లేవు.

ఆ లోటు పబ్బులో తీరుతుంది. ఇంగ్లీష్ మార్కెట్ పక్క సందులోని మటన్ లేన్ ఇన్ లాంటి చోట బీమిష్, మర్ఫీస్, గిన్నిస్ ఒక్కో గ్లాస్ తీసుకుని పక్కపక్కన పెట్టండి, మూడూ ఒకే పబ్బులో లేకపోతే పక్క పబ్బుకు నడవండి. మర్ఫీస్ మూడిటిలో మెత్తన, పాలు కలిపిన కాఫీ, చాక్లెట్ వైపు మొగ్గుతుంది. గిన్నిస్ తీపి లేకుండా, చివర్లో సన్నటి పులుపుతో ఆగుతుంది. బీమిష్‌లో మాడిన బార్లీ చేదు ముందుకొస్తుంది, చిక్కటి డికాక్షన్ తాగినట్టు. శాతాలు దాదాపు ఒకటే, కాలరీలూ అంతే, రుచులు మాత్రం ఒకదానితో ఒకటి కలవవు. మా ఓటు బీమిష్‌కు. ధర కూడా చాలా పబ్బుల్లో గిన్నిస్ కంటే తక్కువే.

అసలు జాగ్రత్త కావాల్సింది సీసాల దగ్గర. గిన్నిస్ ఫారిన్ ఎక్స్‌ట్రా స్టౌట్ 7.5 శాతం. 330 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 19 గ్రాములకు పైగా ఆల్కహాల్ ఉంటుంది, అంటే ఒక నిండు డ్రాట్ పింట్‌తో సమానం. కార్లో కౌంటీ ఓహారాస్ వాళ్ల మామూలు స్టౌట్ 4.3 శాతం, వాళ్లదే లీన్ ఫొల్లాన్ 6 శాతం. రెండోదాని అరలీటరు సీసా అంటే దాదాపు 24 గ్రాములు. ఇంపీరియల్ స్టౌట్‌లు 8 నుంచి 12 శాతం దాకా, కొన్ని ఇంకా పైకి. పిండిపదార్థాలూ ఎక్కువే కాబట్టి చిన్న సీసాయే 300 కాలరీల చుట్టూ తేలుతుంది, ఇద్దరు పంచుకోవడమే పద్ధతి. మిల్క్ స్టౌట్‌లో ఆల్కహాల్ తక్కువున్నా లాక్టోజ్ (పాల చక్కెర) కలుపుతారు. ఈస్ట్ దాన్ని తినలేదు కాబట్టి తీపి, కాలరీలు అలాగే మిగిలిపోతాయి. పాలు పడనివాళ్లు దాన్ని వదిలేయాలి. ఓట్‌మీల్ స్టౌట్ పేరు చూసి ఆరోగ్యమనుకోవద్దు, ఓట్స్ వేసేది గొంతులో నునుపు కోసం. గ్లూటెన్ పడనివాళ్లకు వీటిలో ఏదీ పనికిరాదు, అన్నిటికీ మూలం బార్లీయే.

దుకాణాల్లో అమ్మకం రాత్రి 10 గంటలకు ఆపేస్తారు. 2022 జనవరి నుంచి గ్రాము ఆల్కహాల్‌కు కనీసం 10 సెంట్లన్న నియమం ఉంది, అందుకే గట్టి సీసా ఎక్కడా మరీ చౌకగా దొరకదు. ఇంటికి తెచ్చుకోవాలనుకుంటే సీసా, డబ్బా ఒకటి కాదని గుర్తుంచుకోండి. ఎక్స్‌ట్రా స్టౌట్ సీసాలో ఉండేది కార్బన్ డయాక్సైడ్, పబ్బులో తాగిన మీగడ నురగ అందులో రాదు. ఆ నురగ కావాలంటే లోపల నైట్రోజన్ బంతి ఉన్న డ్రాట్ డబ్బానే కొనాలి. విమానంలో దాన్ని చెక్-ఇన్ పెట్టెలో బట్టల మధ్య పెట్టండి. ఇంటికొచ్చాక కనీసం మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, తెరిచిన వెంటనే పెద్ద గ్లాసులోకి ఆపకుండా ఒకే ధారగా వంపండి. చల్లబడకముందే తెరిస్తే నురగ బల్లంతా పారుతుంది, గ్లాసులో సగమే మిగులుతుంది.