పాత బాబ్‌క్యాట్ 753కి సామాను దొరుకుతుందా? నాలుగేళ్లు నడిపాక నా మాట

అనపర్తి దగ్గర మాకు గుడ్ల కోళ్ల ఫారం ఉంది. షెడ్ల కింద ఎరువు ఎత్తడానికి మనుషులు దొరకడం కష్టమై, నాలుగేళ్ల కిందట ఒక పాత బాబ్‌క్యాట్ 753 కొన్నాను. ముందు బకెట్ ఉన్న చిన్న లోడరు బండి ఇది. ఓడల్లో సరుకు సర్దే పనిలో అరిగిపోయి, తర్వాత రెండు వానాకాలాలు బయటే తడిసిన బండి అది. ఇంజిన్ స్టార్ట్ అయ్యేది, బకెట్‌ని ఎత్తే చేతులు లేచేవి, చక్రాలు మాత్రం కదిలేవి కావు. తుక్కు రేటు మీద కాస్త ఎక్కువిచ్చి లారీ ఎక్కించుకొచ్చాను. ఇంట్లో ఎవరూ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ జాతి బండి పుట్టిందే కోళ్ల పెంట ఎత్తడానికని తర్వాత తెలిసింది. 1957లో అమెరికాలోని మిన్నెసోటాలో కెల్లర్ అన్నదమ్ములు ఒక టర్కీ కోళ్ల రైతు షెడ్డు శుభ్రం చేసుకోవడానికి మూడు చక్రాల బండి చేసిచ్చారు. మెల్రో కంపెనీ దాన్ని తీసుకుని 1960లో నాలుగు చక్రాలు పెట్టింది. బాబ్‌క్యాట్ అన్న పేరు 1962లో వచ్చింది. ఇదంతా కబుర్ల కోసం చెప్పడం లేదు. నా బండి సీరియల్ నంబరు ప్లేటు మీద ఉన్నది మెల్రో పేరే. పాత పార్టుల పుస్తకాలు వెతికేటప్పుడు ఆ పేరుతో కూడా వెతకాలి.

ఆ ప్లేటు తుడిచి నంబరు రాసుకోకుండా నేను మొదటి నెలంతా దుకాణాల చుట్టూ తిరిగాను. 753 అని చెబితే చాలదు. సీరియల్ నంబరులో మొదటి నాలుగంకెలు మోడల్‌నీ ఇంజిన్‌నీ చెబుతాయి, తర్వాతి అయిదంకెలు ఆ బండి వరస సంఖ్య. ఒకే 753లో ఒక వరస దాకా ఒక రకం సామాను, ఆ పైన ఇంకో రకం. ఇంజిన్ నంబరు వేరే ఉంటుంది, అదీ రాసుకోవాలి. పార్టు నంబరు చేతిలో ఉన్నా, అది ఆగిపోయి కొత్త నంబరు వచ్చిందేమో డీలరు కంప్యూటర్‌లో చూడమనండి. "ఆ పార్టు రావడం లేదండీ" అని నాకు చెప్పిన రెండు సామాన్లు కొత్త నంబరుతో ఉన్నాయి.

ఇంజిన్ నాకు అన్నిటికంటే తక్కువ తలనొప్పి. అది కుబోటా వి2203. మన దగ్గర తిరిగే 45 హార్స్‌పవర్ కుబోటా ట్రాక్టరులో ఉన్నది వి2403, అదే కుటుంబం. పాత ఆయిల్ ఫిల్టరు పట్టుకెళ్లి ట్రాక్టర్ సామాన్ల షాపులో మరలు, రబ్బరు రింగు కొలిచి చూస్తే సరిపోయింది. నాలుగేళ్లుగా అక్కడే కొంటున్నాను. కానీ రెండింటి బోరూ (సిలిండర్ లోపలి వెడల్పు) 87 మిల్లీమీటర్లే కదా అని పిస్టన్లు, క్రాంకు కొనేయొద్దు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, దీనికి 92.4, దానికి 102.4.

అసలు గొడవ హైడ్రాలిక్ పైపులతో వచ్చింది. ఇంజిన్ జపానుది కాబట్టి దానికి మిల్లీమీటర్ల పానాలు పడతాయి. మిగతా బండి అమెరికాది, అంగుళాల్లో ఉంటుంది. మన ఊళ్లలో హోస్ పైపులకు చివర్లు నొక్కి బిగించే (క్రింప్ చేసే) వాళ్ల చేయి బీఎస్‌పీ అనే బ్రిటిష్ కొలత మరలకు అలవాటు పడింది. దీనికున్నవి ఎక్కువగా జేఐసీ అనే అమెరికా కొలత మరలు. 3/4 అంగుళం జేఐసీ నిపిల్‌కి అంగుళానికి 16 మరలు, అర అంగుళం బీఎస్‌పీ నట్టుకి 14. ఆ నట్టు ఈ నిపిల్ మీద ఎక్కినట్టే ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. లోపల కోన్లు కూడా కలవవు, ఒకటి 37 డిగ్రీలు, ఇంకోటి 30. మాకు బిగించిన కుర్రాడు కారకుండా టేపు చుట్టాడు. బకెట్ నిండా ఎరువుతో చేతులు పైకి లేపగానే నట్టు ఊడి వేడి నూనె షెడ్డంతా చిమ్మింది. అదృష్టం, ముందు ఎవరూ లేరు. ఆ సాయంత్రమే మరలు కొలిచే గేజీ ఒకటి, మందం కొలిచే వెర్నియర్ ఒకటి కొన్నాను. ఈ నాలుగేళ్లలో కొన్నవాటిలో బాగా గిట్టుబాటైనవి అవే. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో జేఐసీ ఎండ్లు ఉన్న షాపు వెతుక్కుని, పాత పైపులన్నీ సంచిలో పట్టుకెళ్లి ఒకేసారి చేయించాను. ఇంతవరకు ఒక్కటీ కారలేదు.

సిలిండర్ సీళ్లు కూడా అలాగే, పాతవి చూపించి, రాడ్డు, బోరు అంగుళాల్లో కొలిచి తెచ్చుకున్నవే. బేరింగులకు అసలు బెంగ లేదు, పైన చెక్కిన నంబరు చాలు.

పిన్నులు, బుష్‌ల దగ్గర పిసినారితనం చేసి దెబ్బతిన్నాను. బకెట్ పట్టుకునే పిన్నులు లేత్ మీద ఈఎన్-8 అనే మామూలు రకం ఇనుముతో చేయించాను, గట్టిపరచకుండానే. ఎనిమిది నెలలకు గాడి పడి బకెట్ లొటలొటలాడింది. రెండోసారి అంతకంటే గట్టి రకమైన ఈఎన్-24తో చేయించి హార్డెనింగ్ (గట్టిపరచడం) పెట్టించాను, రోజు విడిచి రోజు గ్రీజు కొడుతున్నాను. మూడేళ్లయింది, బాగానే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మన లేత్ మేస్త్రీ పని డీలరు సామానుకు ఏమీ తీసిపోలేదు.

ఇక చక్రాలు కదలకపోవడానికి వద్దాం. సీటు ముందు కడ్డీ దించి, ఇంజిన్ ఆన్ చేసి, పచ్చ బటన్ నొక్కితేనే ఈ బండి పనిలోకి దిగుతుంది. ఆ కడ్డీ సెన్సారు, కరెంటుతో కదిలి చక్రాల లాకు తీసే సొలెనాయిడ్, మధ్యలో వైర్లు, వీటిలో ఎక్కడ తెగినా కదలదు. ఉప్పుగాలికి రాగి వైర్లు అప్పటికే పచ్చబడ్డాయి, ఎరువు లోంచి వచ్చే అమ్మోనియా కూడా రాగిని తినేదే. "సెన్సారు పీకేసి డైరెక్ట్ చేద్దాం సార్, పావుగంట పని" అన్నాడు మెకానిక్. వద్దన్నాను. ఈ బండిలో ఎక్కాలన్నా దిగాలన్నా బకెట్ చేతుల మధ్య నుంచే. దిగుతూ లివరు తగిలితే ఆ చేతుల కింద ఉండేది మనమే. సెన్సారు, సొలెనాయిడ్ అసలు కంపెనీవే అమెరికాలో ఉన్న మా మేనల్లుడితో తెప్పించాను. వెళ్లేటప్పుడు ఆవకాయ, వచ్చేటప్పుడు సెన్సారు. వైరింగ్ మాత్రం ఇక్కడే టిన్ పూసిన వైరుతో కొత్తగా లాగించాం. కరెంటు సామానులో నకిలీ జోలికి పోవద్దనే చెబుతాను. అంతకు ముందు మూడో వంతు ధరకు కొన్న సొలెనాయిడ్ రెండు నెలల్లో కాలిపోయింది.

పంపు బెల్టు కూడా చవకది వేసి ఒకసారి తెంచుకున్నాను, తర్వాత అసలుదే వేశాను. నూనె గురించి ఒక మాట. మామూలు 68 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ పోస్తామంటారు. మాన్యువల్ చెప్పేది కంపెనీ ద్రవం, అది లేకపోతే 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్. నేను ఆ ఇంజిన్ ఆయిలే పోస్తున్నాను. పంపు ఇంతవరకు విప్పలేదు.

సామాను కోసం మొత్తం పద్నాలుగు నెలలు తిరిగాను. అందులో సగం కొలత తెలియక తిరిగిన తిరుగుడు. చెన్నై దగ్గర గుమ్మిడిపూండిలో బాబ్‌క్యాట్ ఫ్యాక్టరీ ఉన్నా, ఇంత పాత మోడల్‌కి ఆర్డరు పెట్టి వారాల కొద్దీ ఆగాల్సిందే. రోజూ అద్దెకు తిప్పి బతకాలనుకునేవాళ్లకు ఈ బండి చెప్పను. నాలా వారానికి రెండు మూడు పూటలు పనుండి, ఓపిక ఉన్నవాళ్లకు చెబుతాను. ఆరున్నర అడుగులు దాటని ఎత్తుతో మా షెడ్ల కింద దూరే యంత్రం ఇంకొకటి నాకు కనబడలేదు.

వెనక తలుపు గొళ్లెం ఇంకా దొరకలేదు. బైండింగ్ వైరుతో కట్టి నడుపుతున్నాను. ఎవరి దగ్గరైనా పాత 753 తుక్కులో పడి ఉంటే ఆ గొళ్లెం ఒక్కటి పారేయకండి.