టిచ్ ఆవిరి ఇంజను: చేసి, ఏళ్లపాటు నడిపాక నా అభిప్రాయం

మొదటి ఆవిరి ఇంజనుగా ఏది చేసుకోవాలని బ్రిటన్‌లో ఎవరినైనా అడిగితే తరచూ వినిపించే పేర్లలో టిచ్ ఒకటి. రెండు పట్టాల మధ్య 3½ అంగుళాల ఎడం ఉన్న దారి మీద నడిచే, నీళ్ల ట్యాంకును తనమీదే మోసే నాలుగు చక్రాల చిన్న రైలింజను అది. నేను నాటింగ్‌హామ్ దగ్గర ఇంటి వెనక షెడ్డులో దాన్ని చేసుకుని చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. ఇంతకాలం తర్వాత నా తీర్పు ఇది: చేయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఇంజను నాకు కనబడలేదు, నడపడం నేర్చుకోవడానికి మాత్రం ఇది చాలా కఠినమైన గురువు. చిన్నది కాబట్టి సులువు అనే మాటలో సగమే నిజం ఉంది. రెండో సగం ముందుగా చెప్పేవాళ్లు తక్కువ.

దీని రూపకర్త ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసిన ఆంగ్లేయుడు. చిన్న ఇంజను బాయిలరు పెద్ద ఇంజను బాయిలరులాగే బొగ్గు మండించి మనిషిని లాగగలదని 1920ల్లోనే పట్టాల ఎడం 2½ అంగుళాలున్న తన అయేషా అనే ఇంజనుతో నిరూపించాడు. అంతకుముందు బజారులో దొరికేవాటిలో చాలావాటికి స్పిరిట్ దీపమే ఆధారం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఏళ్లలో, ఇంట్లో చిన్న లేతు, నాలుగు చేతి పనిముట్లు తప్ప మరేమీ లేనివారిని దృష్టిలో పెట్టుకుని టిచ్‌ను పత్రికలో వరుసగా వివరించాడు. ఆ ఉద్దేశం డ్రాయింగులో అడుగడుగునా కనిపిస్తుంది. పెద్ద యంత్రం కావాల్సిన భాగం ఒక్కటీ లేదు.

నా లేతు మైఫోర్డ్ ఎంఎల్7. 1946లో వచ్చిన నమూనా, తయారైంది ఇక్కడికి దగ్గర్లోని బీస్టన్‌లోనే. పాతదే కొన్నాను. టిచ్‌కు అది అన్ని విధాలా సరిపోయింది. లేతు మీద అడ్డంగా కదిలే బల్ల (క్రాస్ స్లైడు) గాడుల్లో సిలిండరు పోతను, అంటే అచ్చుపోసిన ముడి లోహపు ముక్కను, బిగించి, లేతు రెండు కొనల మధ్య తొలిచే కడ్డీని (బోరింగ్ బార్) తిప్పి తొలిచాను. మిల్లింగ్ యంత్రం లేకుండా చేయవచ్చా అని అడుగుతుంటారు. చేయవచ్చు. కాకపోతే ఆకురాయి పట్టడం బాగా వచ్చి ఉండాలి, లేదా ఈ పనిలోనే వస్తుంది.

చట్రం 3 మిల్లీమీటర్ల మందం ఉక్కు పలకలు రెండు. వాటిని ఒకదానిమీద ఒకటి రివెట్లతో బిగించి ఒకేసారి కోసి, చిల్లులు వేసి, తర్వాత విడదీస్తే రెండూ అచ్చంగా ఒకేలా వస్తాయి. చక్రాలు పోత ఇనుము, వ్యాసం 2 అంగుళాలు. సిలిండర్లు గన్‌మెటల్ అనే ఒక రకం కంచు, లోపలి వ్యాసం 11/16 అంగుళం, పిస్టను నడక 1 1/16 అంగుళం. నేను కొన్న పోతల్లో ఒకదానిలో గాలి బుడగ ఉంది. సగం తొలిచాక బయటపడింది, అమ్మినవారు వేరేది పంపారు. పోతలు చేతికి రాగానే తూచి, తట్టి చూసి, పైపొర కొంచెం తీసి చూడటం మంచిది.

పిస్టను కదలికతో చక్రాన్ని తిప్పే క్రాంకులు రెండు వైపులా సరిగ్గా 90 డిగ్రీల తేడాతో ఉండాలి. ఇక్కడ పాతకాలపు బిగుతు అమరిక కన్నా ఇప్పటి జిగురు ద్రవాలు మేలు. ఇరుసుకు చక్రం అమర్చి, కోణం చూసుకుని, గట్టిపడేదాకా కదలకుండా ఉంచితే చాలు. ఇన్నేళ్లలో నా చక్రం ఒక్కటీ జారలేదు. సిలిండర్లలోకి ఆవిరి ఎప్పుడు వెళ్లాలో నడిపే కడ్డీల అమరికను వాల్వు గేరు అంటారు, నాది వాల్‌షార్ట్స్ రకం. 1844లో బెల్జియం ఇంజనీరు కనిపెట్టిన ఆ కడ్డీల అమరికను చేత్తో చేసి, అది ముందుకూ వెనక్కూ ఎందుకు పనిచేస్తుందో కళ్లతో చూడటం ఈ పనిలో నాకు దక్కిన అతి గొప్ప ఆనందం.

ఇక బాయిలరు. టిచ్‌కు రెండు బాయిలరు డ్రాయింగులున్నాయి, చిన్నదీ పెద్దదీ. ఆలోచించకుండా పెద్దదే చేయండి. కారణం కింద చెబుతాను.

అంతా రాగే. రేకును మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. ఉక్కు అచ్చు మీద పెట్టి అంచులు వంచుతూ కొడితే కొంతసేపటికి మళ్లీ గట్టిపడుతుంది. సుత్తి దెబ్బకు మోత మారగానే ఆపి మళ్లీ కాల్చాలి. తొందరపడి ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే అంచు చీలుతుంది. అతుకులకు 55 శాతం వెండి ఉన్న టంకం వాడాను. అది 630 నుంచి 660 డిగ్రీల మధ్య కరుగుతుంది. రాగి 1085 దగ్గర కానీ కరగదు కాబట్టి ప్రమాదం లేదనిపిస్తుంది. అసలు కష్టం వేరు. రాగి వేడిని ఒకచోట నిలవనివ్వదు. అతుకు దగ్గర మంట పెడితే అవతలి కొసకు పారిపోతుంది. బాయిలరు మొత్తాన్నీ వేడెక్కించాలి, అందుకు పెద్ద ప్రొపేన్ బర్నరు, చుట్టూ వేడిని ఆపే తేలిక ఇటుకలు, చివరి దశల్లో రెండో టార్చి పట్టే మనిషి కావాలి. అతుకును శుభ్రంగా ఉంచే ఫ్లక్స్ పొడి ద్రవమై అద్దంలా మెరిసినప్పుడు టంకం కడ్డీని మంట ఉన్న వైపు కాకుండా ఎదుటి వైపు తాకిస్తే, అది సందులోకి తనంతట తానే పాకి ఇవతలికి వస్తుంది. ఇవతల సన్నని వెండి గీత కనిపిస్తే అతుకు పడినట్టే. ఆ క్షణం కోసం ఎంత శ్రమైనా పడవచ్చు.

నీరు తగిలే చోట బిగింపులు పట్టే బుష్‌లు (మర చుట్లున్న చిన్న గుండ్రని ముక్కలు) ఇత్తడివి వద్దు, ఫాస్ఫర్ బ్రాంజ్ వాడండి. ఇత్తడిలోని జింకు కాలక్రమంలో నీటిలోకి పోయి లోహం గుల్లబారుతుంది. పని మధ్యలోనే ఇంజన్లు చేసేవారి క్లబ్బులోని బాయిలరు పరీక్షకుడికి చూపించడం మరో అవసరం. మూత పడ్డాక లోపలి అతుకులు ఎవరికీ కనబడవు. పని పీడనం చదరపు అంగుళానికి 80 పౌండ్లు, మొదటి నీటి పరీక్ష దానికి రెట్టింపు, 160. నాదానిలో లోపలి గోడలను పట్టి ఉంచే ఒక కడ్డీ (స్టే) దగ్గర అతుకు చెమర్చింది. మళ్లీ శుభ్రం చేసి, వేడి చేసి సరిదిద్దాక నిలిచింది. ఆ తర్వాత ఏటా ఆవిరి పరీక్ష, నాలుగేళ్లకోసారి నీటి పరీక్ష జరుగుతూనే ఉన్నాయి. ఇంకో సమస్య రాలేదు. ఖర్చులో సింహభాగం కూడా ఈ రాగికీ వెండికే పోతుంది, ముందే సిద్ధపడండి.

నడపడంలోని కష్టానికి మూలం కొలతల్లోనే ఉంది. టిచ్ 16వ వంతు కొలతలో ఉంది. పొడవులన్నీ 16వ వంతుకు తగ్గితే ఉపరితలం 256వ వంతు, ఘనపరిమాణం 4,096వ వంతు అవుతాయి. అంటే లోపలి నీటిలో ప్రతి బొట్టుకూ వేడి పోగొట్టే గోడ పదహారు రెట్లు ఎక్కువ. నిప్పుకూ అంతే. ఒకప్పటి కాజీపేట, బిట్రగుంట షెడ్ల పెద్ద ఇంజన్లలో నిప్పు పలచబడినా సరిచేసుకునే వ్యవధి ఉండేది. టిచ్‌లో ఆ వ్యవధి అర నిమిషం. పీడనం పడిపోయిందని గమనించేసరికి నిప్పు ఆరిపోయి ఉంటుంది. అందుకే పెద్ద బాయిలరు చేయమన్నాను. ఆ కాస్త ఎక్కువ నీరు, కాస్త ఎక్కువ నిప్పు నడిపేవాడికి ఊపిరి తీసుకునే సమయం ఇస్తాయి.

మరో లెక్క చూడండి. గంటకు 5 కిలోమీటర్ల నడక వేగంలోనే ఈ 2 అంగుళాల చక్రాలు నిమిషానికి 500 సార్లకు పైగా తిరుగుతాయి. తిరిగిన ప్రతిసారీ నాలుగు సిలిండరు నిండుల ఆవిరి ఖర్చు. నిమిషానికి రెండు వేలకు పైగా పడే ఆ శబ్దాలన్నీ కలిసి ఒకే గుర్రుగా వినిపిస్తాయి. నీటి పంపు ఇరుసు మీదే ఉంటే అదీ అంతే వేగంతో కొట్టుకుంటుంది, కాబట్టి ఎక్కువైన నీటిని మళ్లీ ట్యాంకుకు పంపే పక్కదారి వాల్వును కొంచెం కొంచెంగా తిప్పుతూ నీటిమట్టం నిలపాలి. ఒక్కసారిగా మూసేస్తే చన్నీళ్లు వెళ్లి పీడనం కుప్పకూలుతుంది. నీటిమట్టం చూపే గాజు గొట్టం సన్నం కాబట్టి అందులో బుడగ నిలిచి లేని నీటిని చూపిస్తుంది. చుక్క నీరు బయటికి వదిలి చూశాకే నమ్మాలి.

నా పద్ధతి ఇలా స్థిరపడింది. కిరసనాయిలులో నానబెట్టిన కర్రబొగ్గుతో అంటించి, పొగగొట్టం మీద చిన్న విద్యుత్ ఫ్యాను పెడతాను. పీడనం 25 పౌండ్లకు రాగానే ఆవిరితో నిప్పును లాగే ఇంజను సొంత బ్లోయరుకు మారుస్తాను. పట్టాల మీద బయలుదేరే ముందు నిప్పు తలుపు అంచుదాకా నిండుగా, ఎర్రగా ఉండాలి. ఆ తర్వాత బఠాణీ గింజంత ముక్కలను ఒకటి రెండు చెంచాల చొప్పున వేస్తూ పోతాను. ఇలా చేస్తే పెద్దవాణ్ని, వెనక ఒక పిల్లవాణ్ని కూడా హాయిగా లాగుతుంది. మొదటి సీజను అంతా నిప్పు ఆరిపోతూనే ఉంది. అది మామూలేనని మీకు ముందే తెలిస్తే నిరుత్సాహపడరు.

అరుగుదల తక్కువే. చక్రాలను కలిపే పక్క కడ్డీల బుష్‌లు ఒకసారి మార్చాను. పిస్టనుకు గ్రాఫైట్ పట్టించిన నూలు చుట్టి ఉండేది, దాని స్థానంలో వేడి తట్టుకునే రబ్బరు రింగు పెట్టాను, రెండూ బాగానే పనిచేశాయి. మాటిమాటికీ విసిగించేది నీటిని వెనక్కి రానివ్వని చెక్ వాల్వు ఒక్కటే. గుండు కింద నలుసు పడితే చాలు, కారుతుంది. వాన నీరు పట్టి, వడగట్టి వాడటం మొదలుపెట్టాక ఆ బెడద బాగా తగ్గింది. సిలిండర్లకు చిక్కటి ఆవిరి నూనె తప్ప మరేదీ పోయకండి.

బొగ్గు సంగతే ఇప్పుడు దిగులు. వేల్స్ ఆవిరి బొగ్గు ఈ చిన్న పొయ్యికి ప్రాణం. పొగ తక్కువ, చిట్టెం తక్కువ. మెర్థిర్ టిడ్‌విల్ దగ్గరి పెద్ద ఓపెన్‌కాస్ట్ గని 2023 నవంబరులో మూతపడింది. 1804లో ట్రెవితిక్ ఇంజను పట్టాల మీద బరువు లాగింది ఆ ఊరి దగ్గరే. ఇప్పుడు ఆంత్రసైటు అనే గట్టి బొగ్గు కలిపి కాలుస్తున్నాను. బాగానే మండుతుంది కానీ అంటుకోవడానికి ఆలస్యం, ఆగినప్పుడు త్వరగా నీరసిస్తుంది.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి చేయాలనుకునేవారికి రెండు మాటలు. డ్రాయింగంతా అంగుళాల్లో ఉంటుంది, మరలు బీఏ అనే పాత బ్రిటిష్ కొలతల్లో ఉంటాయి. చట్రం మీది 6 బీఏ మరల చోట 3 మిల్లీమీటర్లవి ధైర్యంగా వాడుకోవచ్చు. బాయిలరు బిగింపులకు మాత్రం అంగుళానికి 40 చుట్లున్న సన్న మరనే ఉంచండి. లేతు లేనివారు పెద్ద పనులు బాలానగర్ లాంటి చోట చేయించుకోవచ్చు. భారత బాయిలర్ల చట్టం 25 లీటర్లలోపు బాయిలరుకు వర్తించదు, ఇది అందులో చాలా చిన్న వంతు. అడిగే అధికారి ఉండడు కాబట్టి పరీక్ష బాధ్యత పూర్తిగా మీదే. చేతి పంపుతో, లోపల గాలి బొత్తిగా లేకుండా నీటితోనే 160కి తీసుకెళ్లి చూడండి. కంప్రెసరు గాలితో ఎన్నడూ పరీక్షించవద్దు. నొక్కుకుపోని నీరు అతుకు విడితే చిమ్మి ఆగిపోతుంది, గాలి మాత్రం రాగిని ముక్కలుగా విసిరేస్తుంది.