బస బోర్డోలో, వైన్ సాంత్ ఎమిలియోన్‌లో

పారిస్ నుంచి బోర్డోకి టీజీవీ (హైస్పీడ్) రైలు రెండు గంటల పైచిలుకు. చాలామంది అక్కడ దిగి, 2016లో తెరిచిన సీతే దు వాన్ అనే వైన్ మ్యూజియం చూసి, టికెట్‌తో పాటు వచ్చే గ్లాసు వైన్ పై అంతస్తులో తాగి, వచ్చేస్తారు. మ్యూజియం బాగుంటుంది, కాదనను. కానీ రెడ్ బ్లెండ్ (రెండు మూడు ద్రాక్షరకాలు కలిపి చేసే ఎర్ర వైన్) సంగతి నాలుకకి తెలియాలంటే ఊరు దాటాలి.

ఎటు వెళ్లాలన్నది తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు తేల్చాడు. "మెడాక్ ప్రాంతంలో షాటోలు (వైన్ తయారుచేసే ఎస్టేట్లు) రాజభవనాల్లా ఉంటాయక్కా, కానీ కారు లేకపోతే నరకం." సాంత్ ఎమిలియోన్ అనే వైన్ ఊరికైతే బోర్డో సాంజాన్ స్టేషన్ నుంచి లోకల్ రైలు, ముప్పావు గంట లోపే. దిగాక ద్రాక్షతోటల మధ్య నడిచి ఊళ్లోకి వెళ్లాలి.

ఊళ్లోనే ఒక రాత్రి ఉన్నాం. మళ్లీ వెళ్తే ఉండను. ఏటవాలు రాతి సందుల్లో సూట్‌కేసు లాగడం, లిఫ్ట్ లేని మెట్లు, చీకటి పడ్డాక తెరిచిన కొట్టు దొరక్కపోవడం, వీటన్నిటికీ బోర్డో గది కంటే ఎక్కువ అద్దె! బోర్డోలో గది తీసుకుని పొద్దున్నే రైలెక్కడం మేలు.

ఊరి మధ్య వైన్ దుకాణాల్లో రుచి చూపిస్తారు. మర్యాదగానే ఉంటారు, కాకపోతే రెండో గ్లాసుకే "ఎన్ని పెట్టెలు పంపమంటారు?" అని మొదలవుతుంది. మాకు కలిసొచ్చింది ఊరి బయట ఒక కుటుంబం నడిపే చిన్న షాటో. ముందుగా మెయిల్ రాసి, డబ్బు కట్టి వెళ్లాం. సున్నపురాయి తవ్వగా మిగిలిన సొరంగమే వాళ్ల సెల్లార్, వరసగా 225 లీటర్ల ఓక్ పీపాలు. అక్కడ బ్లెండ్ ముందు ఇవ్వలేదు. అందులో కలిసే మూడు ద్రాక్షరకాల వైన్లు విడివిడిగా పోశారు.

మెర్లో నోట్లో మెత్తగా పరుచుకుంది, మాగిన ప్లమ్ రుచి, కానీ తొందరగా అయిపోయింది. కాబర్నే ఫ్రాంక్ పలచన; వాసన మాత్రం గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే వచ్చేసింది, వయొలెట్ పూలు, కాస్త పచ్చి ఆకు. కాబర్నే సోవిన్యోన్ నేరేడుపళ్లు తిన్నట్టు నాలుక పట్టేసింది. ఆ తర్వాత మూడూ కలిసిన గ్లాసు. వగరు పోలేదు, వెనక్కి తగ్గి మింగాక తెలిసింది. మెర్లో ఒక్కటే తాగినప్పుడు ఆగిపోయిన చోటు నుంచి రుచి ఇంకా సాగింది. "అక్కా, అన్నీ మింగకు, ఉమ్మెయ్" అని తమ్ముడు హెచ్చరించాడు గానీ ఆ గ్లాసు మాత్రం ఉమ్మలేదు.

ఏటా ఒకే లెక్కలో కలపరట. మెర్లో ముందు పండుతుంది, కాబర్నేలు ఆలస్యంగా. కోతల వేళ వాన పడితే ఒకటి దెబ్బతిన్నా ఇంకోటి నిలబడుతుంది. ఇక్కడి బంకమట్టి, సున్నపురాయి మెర్లోకి నప్పుతాయి కాబట్టి దానిదే పెద్ద వాటా. మెడాక్ గులకరాళ్ల నేలలో కాబర్నే సోవిన్యోన్‌ది పైచేయి.

కొనేవాళ్లు లేబుల్ మొత్తం చదవాలి. సాంత్ ఎమిలియోన్‌లో 'గ్రాం క్రూ' అని ఉన్నంత మాత్రాన పై తరగతి వైన్ అనుకోవద్దు. 'గ్రాం క్రూ క్లాసే' వేరు. ఆ రెండోది 1955లో మొదలై, ఇంచుమించు పదేళ్లకోసారి సవరించే షాటోల వర్గీకరణ. పేరుమోసిన సీసాల ధర మన జీతాలకు అందదు. మాకు నచ్చింది ఏ వర్గీకరణలోనూ లేని ఆ చిన్న షాటోదే.

శాకాహారులకు తిండి ఇబ్బందే. జున్ను, రొట్టె, పుట్టగొడుగులతో సరిపెట్టుకోవాలి. ఇంటికి తెచ్చుకున్నాక గోంగూర మటన్‌తో మాత్రం తాగకండి, ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. భారత్‌కి సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది మనిషికి రెండు లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల నిండు సీసాలైతే రెండే. బట్టల్లో చుట్టి చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి.