మంచాన పడ్డ పెద్దవాళ్లకు ఏది మేలు: ఊరి బయట తోట హోమా, ఊళ్లో చిన్న హోమా?

పక్షవాతం వచ్చిన మా అత్తమ్మను ఈమధ్యే తిరుపతిలో పెద్దవాళ్లను చూసుకునే ఒక హోమ్‌లో చేర్చాం. అప్పట్నుంచి చిత్తూరు, మదనపల్లె బంధువులు, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే స్నేహితులు అందరూ అడిగేది ఒకటే. చంద్రగిరి దాటాక తోటల్లో కట్టిన పెద్ద హోమ్ మంచిదా, ఊళ్లో ఇంటినే మార్చి నడిపే చిన్న హోమ్ మంచిదా అని. నడవగలిగే పెద్దవాళ్లయితే వాళ్లనే తీసుకెళ్లి చూపించండి, ఏది నచ్చిందో వాళ్లే చెబుతారు. తనంతట తాను పక్కకు కూడా ఒత్తిగిలలేని మనిషి గురించే ఇక్కడ రాస్తున్నాను.

తోట హోమ్ చూడగానే నచ్చేస్తుంది. మామిడి చెట్లు, వెడల్పాటి వరండా, చిన్న గుడి, సాయంత్రం భజన. గదికి ఇద్దరే ఉంటారు. ఫిజియోథెరపీకి వేరే గది. వీల్‌చెయిర్‌లో కూర్చోగలిగిన వాళ్లకు ఇవన్నీ నిజంగా పనికొస్తాయి, కాదనను. ఊళ్లో హోమ్ అంటే ఎం.ఆర్.పల్లి వైపో భవానీ నగర్ వైపో ఒక సందులో రెండంతస్తుల ఇల్లు. హాల్లో వరసగా మంచాలు, కిటికీ తీస్తే పక్కింటి గోడ. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో చూస్తే మొహం మాడ్చుకుంటాడు. ఒకరికి జలుబు చేస్తే హాలంతా దగ్గు. ఒళ్లు తుడిచేటప్పుడు అడ్డం తెర లాగాలని ఆయాలకు మనం గుర్తుచేస్తూ ఉండాలి.

ఇన్ని లోపాలున్నా నా ఓటు దానికే. ఎందుకంటే నేను చూసింది రాత్రి సంగతి.

కదలకుండా పడుకున్న మనిషికి ఒకేచోట బరువు పడితే అక్కడికి రక్తం సరిగా అందదు. నడుము కింద, మడమల దగ్గర, తుంటి మీద చర్మం చితికి పుండు పడుతుంది. షుగర్ ఉంటే అది మానడం ఇంకా కష్టం. అందుకే రెండు గంటలకోసారి పక్క తిప్పమంటారు. ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానేస్తే కుదరదు. ఇప్పుడు లెక్క వేయండి. పెద్ద హోమ్‌లో మంచాన పడ్డవాళ్లు 20 మంది, రాత్రికి ఒక్క ఆయా. పక్క తిప్పి, డైపర్ చూసి, దిండు సర్దడానికి మనిషికి 6 నిమిషాలు అనుకున్నా 20 మందికి రెండు గంటలు. చివరి మంచం అయ్యేసరికి మొదటి మంచానికి మళ్లీ టైమ్ అయిపోతుంది. ఆమె కూర్చోకూడదు, నీళ్లు తాగకూడదు, బాత్రూమ్‌కు వెళ్లకూడదు. అంటే ఆ పని జరగడం లేదన్నమాట. అదే చిన్న హోమ్‌లో 8 మంది ఉంటే ఒక రౌండు ముప్పావు గంటలో అయిపోతుంది. పైగా ఆయా కూడా ఆ హాల్లోనే పడుకుంటుంది కాబట్టి ఎవరు దగ్గినా, మూలిగినా వినపడుతుంది. తలుపులు మూసిన గదుల్లో ఎవరికి వినపడుతుంది?

మేనేజర్‌ను అడిగితే "ట్వెంటీఫోర్ అవర్స్ స్టాఫ్ మేడమ్" అంటాడు. కాబట్టి ఆయానే అడగాలి. "రాత్రి ఎవరుంటారమ్మా?" అంటే ఒకచోట ఆమె "నేనేక్కా, పొద్దున్నుంచీ నేనే" అంది. ఇంక వేరే ప్రశ్న అక్కర్లేదు. పక్క తిప్పిన టైమ్ రాసే కాగితం మంచానికి తగిలించి ఉంటే అదీ చదవండి. బాగా పేరున్న ఒక హోమ్‌లో సాయంత్రం అయిదింటికి నేను చూసిన కాగితంలో ఆ రాత్రి రెండు గంటల గడిలో అప్పటికే టిక్ పెట్టేశారు! రిజిస్టర్లు, ఫైళ్లు, గోడమీద సర్టిఫికెట్లు అన్నీ పద్ధతిగానే ఉన్నాయి అక్కడ.

మనవాళ్లను చేర్చాక చూడాల్సింది మడమలు. దుప్పటి ఎత్తి, కందిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే పర్వాలేదు. నొక్కినా రంగు మారకపోతే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు, చుట్టుపక్కల కంటే నల్లబడిందా, వేడిగా గానీ గట్టిగా గానీ ఉందా అని తడిమి చూడాలి. మూత్రం పైపు ఉంటే సంచి నేలకు తగలకుండా, నడుముకంటే కిందికి వేలాడాలి. విజిటింగ్ టైమ్‌లో అన్నీ సర్దిపెడతారు కాబట్టి పొద్దున్నే ఆరింటికి వెళ్లడం మేలు. ఆ టైమ్‌లో "రానివ్వం" అంటే ఇంకో హోమ్ చూసుకోవచ్చు.

ఆసుపత్రి దూరం గురించి జనం ఎక్కువ టెన్షన్ పడతారు. స్విమ్స్, రుయా రెండూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి కాబట్టి ఊళ్లో హోమ్‌కు అదొక సౌకర్యం, అంతే. అర్ధరాత్రి ఆయాసం వచ్చిందని గమనించే మనిషే లేకపోతే ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నా ఒకటే.

ఇంట్లోనే మనిషిని పెట్టుకోవడం కూడా ఉంది. ఇంట్లో ఇంకొకరు తోడుంటే అది బాగుంటుంది, లేకపోతే ఆ మనిషి సెలవు పెట్టిన రోజు మీరూ సెలవు పెట్టాలి. ఉచిత ఆశ్రమాల్లో చాలావరకు తమ పని తాము చేసుకోగలిగిన వాళ్లనే తీసుకుంటారు. హోమ్‌లో పెద్దవాళ్లను సరిగా చూడటం లేదనిపిస్తే 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, టోల్ ఫ్రీ.

తోట హోమే కావాలనుకుంటే రాత్రికి ఇద్దరు ఆయాలు ఉంటారా, వాళ్లు పగలు డ్యూటీ చేసినవాళ్లేనా అన్నది కనుక్కోండి. పండగలకు ఎవరు ఉంటారో కూడా అడగండి. మే నెలలో గంగ జాతర వారం సగం మంది ఆయాలు సెలవు పెడతారు. మేం చేర్చిన చోట యజమానురాలు "ఆ వారం నేనూ మా కోడలూ వంతులేసుకుని పడుకుంటాం" అంది. అడ్వాన్స్ అక్కడే కట్టాం.