పూల్, స్పా సొంత ఆటోమేషన్: వైఫై స్విచ్చులా, ఈఎస్పీ32నా, పీఎల్సీనా? మన వైజాగ్‌లో ఏది మేలు?

రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి వైపు ఇల్లు కట్టుకుని, పెరట్లో చిన్న పూల్, దాన్ని ఆనుకుని స్పా పెట్టించుకున్నవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. కంపెనీ ప్యానెల్ జోలికి పోకుండా పంపు, హీటరు, వాల్వులు, లైట్లు మనమే ఆటోమేషన్ చేసుకోవాలంటే సోనాఫ్ లాంటి వైఫై స్విచ్చులు చాలా, మనమే ప్రోగ్రామ్ రాసుకునే చిన్న ఈఎస్పీ32 బోర్డు కొనాలా, ఫ్యాక్టరీల్లో యంత్రాల్ని నడిపే పీఎల్సీ కంట్రోలరు పెట్టాలా? ఈ ఏడాది భీమిలి దగ్గర మా ఇంటికి నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. పీఎల్సీ పెట్టాను. అలాగని మిగతా రెండూ పనికిరావని కాదు. ఎవరికి ఏది నప్పుతుందో, నేను ఎందుకు అటు మొగ్గానో చెబుతాను.

ఇలాంటి పోలికల్లో మామూలుగా ధర, ఫోన్ యాప్, అలెక్సా మాట వింటుందా లేదా అన్నవే ముందుంటాయి. నేను ఒక్కటే పరీక్ష పెడతాను. ఇంట్లో ఎవరూ లేరు. కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది, నెట్ మాత్రం రాలేదు. ఇప్పుడు పంపు, హీటరు, వాల్వులు ఎలా ఉన్నాయి? మన ఊళ్ళో దీన్ని ఊహించుకోవాల్సిన పనిలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా ఎలా గడిపామో అందరికీ గుర్తే. అంత పెద్ద తుఫాను కాకపోయినా, ఈదురుగాలికి కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోవడం మనకి మామూలే.

హాల్లో లైటుకి ఇలా జరిగితే నష్టమేం లేదు. పూల్ సంగతి వేరు. పంపు ఆగిపోయి హీటరు నడుస్తూ ఉంటే గొట్టంలో నిలిచిన నీళ్ళు మరుగుతాయి, పక్కనున్న పీవీసీ మెత్తబడి జాయింట్లు వదిలేస్తాయి. పూల్‌కీ స్పాకీ ఒకే పంపు ఉన్నచోట రెండు త్రీవే వాల్వులుంటాయి: ఒకటి నీళ్ళు లాగే వైపు, ఒకటి తిరిగి పంపే వైపు. ఈ రెండూ కలిసి తిరగాలి. వాల్వుని తిప్పే, 24 వోల్టుల ఏసీతో నడిచే యాక్చువేటరు అర చుట్టు తిరగడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, వచ్చాక నీళ్ళు లాగే వాల్వు స్పా వైపు, తిరిగి పంపేది పూల్ వైపు ఉండగా పంపు ఆన్ అయిందనుకోండి. స్పా నీళ్ళన్నీ పూల్‌లోకి వెళ్ళిపోతాయి, ఆ తర్వాత పంపు గాలి పీలుస్తూ తిరుగుతుంది. సీలు కాలిపోవడానికి అది చాలు.

ఇక వైఫై స్విచ్చులు. వాటి మీద 16 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది గీజరు లాంటి లోడుకి వర్తించే లెక్క. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. లోపలి రిలే కాంటాక్టు అతుక్కుపోతే, యాప్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఏసీ-3 (మోటార్లకి వర్తించే) రేటింగు ఉన్న కాంటాక్టర్, అంటే పెద్ద రిలే, పెడితే ఈ బాధ తీరుతుంది. స్విచ్చులో టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటే కంపెనీ క్లౌడ్ మీద ఆధారపడటమూ తప్పుతుంది. అయినా అసలు లోపం అలాగే ఉంటుంది: ఒక స్విచ్చుకి పక్క స్విచ్చు ఏం చేస్తోందో తెలియదు. ‘పంపు నడుస్తుంటేనే హీటరు’ అనే నియమాన్ని యాప్‌లో పెట్టుకుంటే అది నడిచేది ఎక్కడో సర్వర్‌లో. నెట్ పోతే ఆ నియమమూ పోయినట్టే. స్పా, హీటరు లేకుండా ఒట్టి పూల్ ఉన్నవాళ్ళకి, రోజూ ఫిల్టరు పంపు వేళకి నడిచి సాయంత్రం లైట్లు వెలిగితే చాలనుకునేవాళ్ళకి ఇవి నిక్షేపంగా సరిపోతాయి. ఆ మాటకొస్తే వాళ్ళకి బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు, ఒక కాంటాక్టర్ చాలు.

ఈఎస్పీ32 మీద దాన్ని నడిపే ఈఎస్పీహోమ్ సాఫ్ట్‌వేర్, దాని పైన ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒకచోట చూపే హోమ్ అసిస్టెంట్. మనసుకి నచ్చిన జోడీ ఏదంటే నాకు ఇదే. బోర్డు వందల్లో వస్తుంది. డీఎస్18బీ20 సెన్సార్లతో పూల్, స్పా, హీటరు అవుట్‌లెట్ మూడుచోట్లా ఉష్ణోగ్రత చూసుకోవచ్చు. ఫిల్టరు మీద ప్రెజర్ సెన్సారు పెడితే బ్యాక్‌వాష్ (నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టరు కడగడం) ఎప్పుడు చెయ్యాలో అదే చెబుతుంది. స్పా ఉన్నవాళ్ళకి ఈ గ్రాఫులు నిజంగా పనికొస్తాయి. వెయ్యి లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 38కి తేవాలంటే దాదాపు 15 యూనిట్లు కావాలి. 3 కిలోవాట్ల హీటరుకి అది ఐదు గంటల పని, మూత వెయ్యకపోతే ఇంకా ఎక్కువ. సాయంత్రం ఆరింటికి స్పాలో కూర్చోవాలంటే మధ్యాహ్నం ఒంటిగంటకి హీటరు పడాలి. ఆ లెక్క హోమ్ అసిస్టెంట్ బాగా వేస్తుంది.

కాకపోతే నా పరీక్షలో ఇది నెగ్గాలంటే మూడు సంగతులు చూసుకోవాలి. ఈఎస్పీహోమ్‌లో మనం మార్చకపోతే, హోమ్ అసిస్టెంట్‌తో పదిహేను నిమిషాలు సంబంధం తెగితే బోర్డు తనంతట తానే రీబూట్ అవుతుంది. వైఫై దొరక్కపోయినా అంతే. అంటే రూటరు పోయిన రోజున పంపు ప్రతి పదిహేను నిమిషాలకీ ఆగి లేస్తుంది. ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తో మాట్లాడే భాగం), వైఫై రెండింటి కింద రీబూట్ టైమవుట్‌ని సున్నా చేసెయ్యాలి. రెండోది గడియారం. కరెంటు పోతే బోర్డు టైము మర్చిపోతుంది, నెట్ వచ్చేదాకా షెడ్యూలు నడవదు. నాణెం బ్యాటరీతో నడిచే డీఎస్3231 మాడ్యూలు కలపాలి. మూడోది, చాలా రిలే బోర్డులు సిగ్నలు కిందికి లాగితే ఆన్ అయ్యే రకం, ఈఎస్పీ32లో కొన్ని పిన్నులేమో బోర్డు లేచే క్షణంలో ఇష్టమొచ్చినట్టు ఊగుతాయి. కరెంటు వచ్చిన ప్రతిసారీ టిక్కుమని ఒక రిలే పడుతుందంటే కారణం అదే. పిన్ను చూసి ఎంచుకోవాలి, స్విచ్చు రీస్టోర్ మోడ్‌ని ఎప్పుడూ ఆఫ్‌తోనే మొదలయ్యేలా పెట్టాలి. ఇవన్నీ చేసుకునే ఓపిక ఉన్నవాళ్ళకి ఈఎస్పీ32 మంచి ఎంపికే. పూల్ ఉన్న ఇంట్లోనే రోజూ ఉంటూ, కోడ్ రాయడం సరదా అయినవాళ్ళకి నేను ఇదే చెబుతాను.

మరి నేను పీఎల్సీకి ఎందుకు వెళ్ళానంటే, మా భీమిలి ఇంట్లో వారంలో చాలా రోజులు ఎవరూ ఉండరు. నేను పెట్టింది సీమెన్స్ కంపెనీ చిన్న పీఎల్సీ, లోగో 8. ఎనిమిది ఇన్‌పుట్లు, నాలుగు రిలే అవుట్‌పుట్లు, నా పనికి ఒక ఎక్స్‌టెన్షన్ మాడ్యూలు. ధర వేలల్లో. గడియారం కరెంటు లేకుండా దాదాపు ఇరవై రోజులు నిలుస్తుంది. కరెంటు రాగానే ఎవరినీ అడక్కుండా ప్రోగ్రామ్ మొదటి నుంచి నడుస్తుంది. అందులో నేను రాసిన మొదటి మెట్టు ఇది: పంపు ఆపి ఉంచు, రెండు వాల్వుల్నీ పూల్ వైపు పూర్తిగా తిప్పు, నిమిషం ఆగు, తర్వాతే పంపు. నెట్‌వర్కు మీద వేరే పరికరాలతో మాట్లాడే మోడ్‌బస్ టీసీపీ కూడా ఉంది కాబట్టి హోమ్ అసిస్టెంట్‌ని ఒట్టి కిటికీలా వాడుకుంటున్నాను: ఉష్ణోగ్రత చూడటం, స్పా కావాలని చెప్పడం. నిర్ణయం పీఎల్సీదే. హోమ్ అసిస్టెంట్ నడిచే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు మెమరీ కార్డు కరెంటు కోతకి పాడైపోయినా పూల్‌కి ఏమీ తెలియదు.

నన్ను పూర్తిగా అటు తిప్పింది ఇంకో కారణం. ఇది స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, షిప్‌యార్డు, పోర్టు ఉన్న ఊరు. పీఎల్సీ ప్రోగ్రామ్ రాసే లాడర్ బొమ్మల్ని చదవగలిగిన మనిషి ఇక్కడ దొరకడం కష్టం కాదు, ఆటోనగర్‌లో ప్యానెల్ బోర్డులు కట్టేవాళ్ళున్నారు. నేను ఊళ్ళో లేనప్పుడు మా ఇంటి ఎలక్ట్రీషియన్‌కి ఈఎస్పీహోమ్ కోడ్ ఉండే యామల్ ఫైలు చూపిస్తే ఏం చేస్తాడు? లోగో డిస్‌ప్లే మీద ఏ ఇన్‌పుట్ వచ్చిందో, ఏ అవుట్‌పుట్ పడిందో చూసి ఫోన్లో చెప్పగలడు. ఆరునెలలకో ఏడాదికో మనకే మనం రాసిన కోడ్ గుర్తుండదు, ఇక పక్కవాడి సంగతి చెప్పాలా?

మా వీధిలో స్టీల్ ప్లాంటు ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ప్యానెల్ డ్రాయింగ్ తీసుకెళ్ళి చూపించాను. అవుట్‌పుట్లన్నీ వేలితో వెంబడిస్తూ హీటరు దగ్గర ఆగి అడిగారు: “బాగుంది గానీ బాబూ, ఈ పెట్టె సచ్చిపోయిందనుకో, హీటరుకి ఆగమని ఎవులు చెప్తారు?”

పై మూడింట్లో ఏది పెట్టుకున్నా ఈ ప్రశ్నకి జవాబు తీగల్లో ఉండాలి, ప్రోగ్రామ్‌లో కాదు. హీటరు కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్ళే తీగని ముందు పంపు కాంటాక్టర్ పక్కనుండే ఆక్సిలరీ కాంటాక్టు (పంపు పడితేనే కలిసేది) గుండా, తర్వాత ఫ్లో స్విచ్ (నీళ్ళు పారుతుంటేనే కలిసేది) గుండా, తర్వాత హై లిమిట్ థర్మోస్టాట్ (వేడి మితిమీరితే తెగేది) గుండా తిప్పి, చివర్లో కంట్రోలరు రిలేకి కలపాలి. నాలుగూ ఒకే వరసలో. ఏ ఒక్కటి తెగినా కాయిల్ వదిలేస్తుంది. స్పా నీళ్ళు 40 డిగ్రీలు దాటకూడదు కాబట్టి, థర్మోస్టాట్ చేత్తో నొక్కితే గానీ మళ్ళీ కలవని రకం తీసుకోండి. వాళ్ళూ వీళ్ళూ నడిపించే యాప్ మీద కన్నా ఈ నాలుగు స్క్రూల మీద నాకు నమ్మకం ఎక్కువ. మొత్తానికి కరెంటు లీకైతే తెగే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, నీళ్ళలోని లైట్లకి 12 వోల్టుల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, సరైన ఎర్తింగ్ ఎలాగూ తప్పవు. 230 వోల్టుల పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

ఉప్పుగాలి ముందు మూడూ సమానమే, ఏదీ తట్టుకోదు. తీరానికి దగ్గర్లో పంపు రూములో విప్పి ఉంచిన జంపరు తీగల కొసలకి చూస్తుండగానే పచ్చగా చిలుము పడుతుంది. దానికి తోడు చాలామంది యాసిడ్ క్యాన్ ప్యానెల్ పక్కనే పెడతారు. దాని ఆవిరి సముద్రపు గాలి కన్నా వేగంగా రాగిని తింటుంది. దుమ్ము, నీళ్ళు చొరని ఐపీ65 పెట్టె, కేబుల్ గ్లాండ్లు కింది వైపు నుంచే, తీగ కొసలకి తగరం పూత ఉన్న లగ్గులు, వీలైతే ప్యానెల్ పంపు రూములో కాకుండా ఇంటి గోడకి. పంపు రూముకి వైఫై సరిగా అందదు, లాన్ కేబుల్ లాగించుకోండి. లోగోకి ఈథర్నెట్ ఎలాగూ ఉంది, ఈఎస్పీ32లోనూ ఈథర్నెట్ ఉన్న బోర్డులు దొరుకుతాయి.

మిగిలినవి రెండు మాటల్లో. ఇంటెల్లీఫ్లో లాంటి వేరియబుల్ స్పీడ్ పంపు ముందే ఉంటే, రాస్ప్‌బెర్రీ పై మీద నోడ్‌జేఎస్ పూల్‌కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్ వేసి ఆర్‌ఎస్485 తీగతో దానితో నేరుగా మాట్లాడించొచ్చు. మామూలు పంపు ఉండి కరెంటు ఆదా కావాలంటే త్రీఫేజ్ మోటారు, దాని వేగం మార్చే డ్రైవ్ తీసుకోండి. వేగం సగానికి తగ్గిస్తే మోటారు మీద లోడు లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. హేవర్డ్, పెంటెయిర్ కంపెనీల పూర్తి ప్యానెళ్ళు మంచివే, కాకపోతే విడిభాగాలు మన ఊళ్ళో దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

క్లోరిన్, యాసిడ్ డోసింగ్ కూడా దీనికే కలపొచ్చా అని అడిగేవాళ్ళున్నారు. కలపొచ్చు, కానీ నేను కలపలేదు. నీళ్ళ ప్రవాహం ఆగిపోయి రెండు డోసింగ్ పంపులూ నడిస్తే లిక్విడ్ క్లోరిన్, యాసిడ్ గొట్టంలో కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. పంపు మళ్ళీ వెయ్యగానే అది పూల్‌లో ఉన్నవాళ్ళ ముఖం మీదికి వస్తుంది. పిల్లలు ఉన్న ఇళ్ళలో ఈ ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకండి. పైగా మనలో చాలామంది వాడే టీసీసీఏ క్లోరిన్ బిళ్ళల వల్ల నీళ్ళలో సయాన్యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది. అది పెరిగేకొద్దీ క్లోరిన్ శక్తిని కొలిచే ఓఆర్‌పీ ప్రోబు చూపించే అంకె అసలు క్లోరిన్‌కి తగ్గట్టు ఉండదు, దాన్ని నమ్మి కంట్రోలరు ఎక్కువ పోసేస్తుంది. తప్పనిసరిగా పెట్టుకోవాలనుకుంటే ఒక్క పంపే పెట్టండి, దాన్ని కూడా ఫ్లో స్విచ్ వరసలోనే కట్టండి. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం ఉందా అన్నది మా ఇంట్లో టెస్ట్ కిట్‌తోనే చూసుకుంటున్నాం.