జనన పత్రంలో పేరు తప్పు, అమెరికా పిటిషన్: విజయవాడలోని ఒక సేవా సంస్థ పనితీరు

అమెరికా పౌరసత్వం పొందిన మా చెల్లెలు అమ్మానాన్నల కోసం ఐ-130 పిటిషన్లు (దగ్గరి బంధువులను అమెరికాకు రప్పించుకోవడానికి వేసే దరఖాస్తులు) వేయదలచినప్పుడు, పత్రాలలోని పేర్ల తేడాలను చక్కబెట్టే పనిని విజయవాడలోని ఒక సంస్థకు అప్పగించాము. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నందున సంస్థ పేరు రాయడం లేదు.

వారిలో మెచ్చుకోదగినది కాగితాలను పరిశీలించిన తీరు. తల్లికి పిటిషన్ వేయాలంటే బిడ్డ జనన ధ్రువీకరణ పత్రంలో తల్లి పేరు ఉండాలి; తండ్రికైతే దానితోపాటు తల్లిదండ్రుల వివాహ ధ్రువీకరణ పత్రమూ జతచేయాలి. చెల్లెలి జనన పత్రంలో అమ్మ పేరు 'సుబ్బలక్ష్మి'కి బదులు 'సుబ్బమ్మ' అని ఉంది. నాన్న పేరుకు ముందు ఇంటిపేరు లేదు, పొడి అక్షరమే ఉంది. వివాహ పత్రంలోని ఇంగ్లీషు స్పెల్లింగులో లక్ష్మికి 'ఎక్స్' వాడారు, పాస్‌పోర్టులో 'కె, ఎస్, హెచ్' ఉన్నాయి. మేము అంతకుముందు విచారించిన చోట అన్నింటినీ మార్పిస్తామని ఒక్కటే మాటగా చెప్పి మొత్తానికి బేరం పెట్టారు. ఈ సంస్థలో ఫైలు చూసిన పెద్దాయన మాత్రం మూడింటినీ ఒకే గాటన కట్టలేదు. సుబ్బమ్మ అంటే వేరే మనిషి అనుకునే ప్రమాదం ఉంది కనుక దానిని రిజిస్టరులోనే దిద్దించాలని, మిగిలిన రెండింటికీ పిటిషన్ ఫారంలో ఇతర పేర్లు రాసే గడి నింపి, పాత ఆధారాలతో అఫిడవిట్ (ప్రమాణ పత్రం) జతచేస్తే సరిపోతుందని వివరించారు.

రిజిస్టరు దిద్దుబాటు 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద జరుగుతుంది. పాత నమోదును చెరపరు. పక్కన మార్జిన్‌లో సవరణ రాసి, రిజిస్ట్రారు సంతకం చేసి తేదీ వేస్తారు. అక్షరదోషం కాక విషయమే మారుతున్నప్పుడు, సంగతి తెలిసిన ఇద్దరు నమ్మదగిన వ్యక్తుల ప్రకటన కూడా కావాలి. అమ్మ పదో తరగతి సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు, చెల్లెలి బడి రికార్డు ముందుగానే తెప్పించుకున్నారు. "కొత్త కాగితం ఒక్కటే పెడితే ఇప్పుడెందుకు మార్చారని అడుగుతారండీ, పాతవి కూడా పెట్టండి" అని ఆయన చెప్పిన మాట సబబైనది. ఆలస్యంగా పుట్టిన పత్రాలను అమెరికా అధికారులు ఒక పట్టాన నమ్మరు. అమ్మ 1970కి ముందు పుట్టినందున, ఆమె జనన నమోదు లేదన్న ధ్రువీకరణ కూడా వీరే తెప్పించారు. మీసేవ కౌంటరులో దరఖాస్తు సమర్పించే ముందు, తెర మీది పేరును పాస్‌పోర్టు పక్కన పెట్టి అమ్మ చేత అక్షరం అక్షరం చదివించారు. దిద్దుబాటు కాగితంలోనే కొత్త తప్పు దొర్లే మన కార్యాలయాలలో ఈ జాగ్రత్త చిన్నదేమీ కాదు.

అఫిడవిట్ల దగ్గరికి వచ్చేసరికి ఈ శ్రద్ధ కనిపించలేదు. రికార్డు దొరకనప్పుడు ఇచ్చే ప్రమాణ పత్రాలు పిటిషన్‌తో సంబంధం లేని ఇద్దరు ఇవ్వాలి. విషయం తమకు స్వయంగా ఎలా తెలుసో అందులో చెప్పాలి. వీరు మా పెదమామయ్యకూ, అమ్మమ్మగారి ఊళ్లో పక్కింటి ఆయనకూ పేర్లు తప్ప పొల్లుపోకుండా ఒకే పాఠం టైపు చేయించారు. "చిన్ననాటి నుంచి ఎరుగుదును" అన్న వాక్యం తప్ప అందులో సరుకేమీ లేదు. అమ్మ పుట్టిన నాటికి మామయ్య ఎంత వయసువాడు, ఏ ఇంట్లో ఉండేవాడు వంటి వివరాలు మేమే రాసిచ్చిన తరువాత కొత్త స్టాంపు పేపరు మీద మార్చారు. అదనంగా తీసుకోలేదు గాని కాస్త విసుక్కున్నారు.

అనువాదం విషయంలో అనవసరపు ఖర్చు పెట్టించారు. తెలుగు పత్రానికి ఇంగ్లీషు అనువాదం పూర్తిగా, సరిగా ఉందనీ, తనకు ఆ రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు సంతకంతో ధ్రువీకరిస్తే చాలు; వీరు చేయించిన నోటరీ దానికి అక్కరలేదు. ఏమైనా తక్కువైతే అమెరికా వారు అడిగినప్పుడు చూసుకోవచ్చన్న వారి ధోరణి కూడా నాకు నచ్చలేదు. అదనపు ఆధారాలు కోరుతూ నోటీసు వస్తే జవాబుకు గరిష్ఠంగా 84 రోజులు, తపాలా కోసం మరికొన్ని రోజులు మాత్రమే ఇస్తారు, గడువు పెంచరు. మున్సిపాలిటీ దిద్దుబాటు ఆ లోపల అయి వస్తుందని ఎవరు హామీ ఇవ్వగలరు? అందుకే మేము సవరించిన పత్రం చేతికి వచ్చాకే పిటిషన్లు వేయించాము.

ప్రభుత్వ రుసుము, స్టాంపు పేపర్లు, తమ సేవారుసుము విడివిడిగా చూపుతూ రసీదు ఇచ్చారు. రిజిస్టరులోనే పేరు తప్పిన వారికి ఈ సంస్థను నిస్సంకోచంగా సూచిస్తాను, అఫిడవిట్ల పాఠం మాత్రం సొంతంగా రాసుకోవాలన్న షరతు మీద. ఒకటి రెండు ఇంగ్లీషు అక్షరాల తేడా తప్ప మరేమీ లేనివారు పాత కాగితాలు పోగుచేసుకుని ఇంటి దగ్గరి నోటరీ వద్దకు వెళ్తే సరిపోతుంది.