క్యాంపస్‌లో కొలువు దక్కకపోతే: పోర్టల్, రిఫరల్, అప్రెంటిస్‌షిప్, కన్సల్టెన్సీల్లో ఏది మేలు?

చివరి సెమిస్టర్ ముగిసి, చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా ఇంటికి చేరిన పిల్లలకు వారం తిరక్కుండానే సలహాలు మొదలవుతాయి. నౌకరీ డాట్ కామ్‌లో ప్రొఫైల్ పెట్టమని ఒకరు, సీనియర్లను అడగమని మరొకరు, ఏదైనా ప్రభుత్వరంగ సంస్థలో అప్రెంటిస్‌గా చేరమని ఇంకొకరు చెబుతారు. బంధువుల్లో ఒకరు మాత్రం గొంతు తగ్గించి, తమకు తెలిసిన కన్సల్టెన్సీ ఉందనీ, రెండు లక్షలు కడితే మాదాపూర్‌లో ఉద్యోగం ఖాయమనీ అంటారు.

కాలేజీ ప్లేస్‌మెంట్ విభాగంలో పనిచేసే నన్ను తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఈ నాలుగో దారి గురించే. అన్ని దారులకూ నేను వాడే గీటురాయి ఒక్కటే: మధ్యలో ఉన్నవాడికి డబ్బు ఎవరిస్తున్నారు? కంపెనీ ఇస్తుంటే అతడు కంపెనీకి తగిన మనిషి కోసం వెతుకుతాడు. మీరే ఇస్తుంటే, డబ్బు చేతిలో పడిన క్షణంలోనే అతని పని పూర్తయిపోతుంది.

కన్సల్టెన్సీలన్నీ మోసం కావు. కంపెనీల దగ్గర ఫీజు తీసుకుని మనుషులను వెతికిపెట్టే సంస్థలు హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి. అవి అభ్యర్థిని రూపాయి అడగవు. మన చుట్టాలు చెప్పేది వాటి గురించి కాదు, ‘బ్యాక్‌డోర్’ గురించి. ఇది రెండు రకాలుగా నడుస్తుంది. మొదటి రకంలో ఆర్నెల్ల క్రితం పుట్టిన ఒక చిన్న కంపెనీ మీ డబ్బు తీసుకుని, మీకు శిక్షణ అని చెప్పి, రెండు మూడు నెలలు మీ డబ్బులోంచే మీకు జీతం ఇచ్చి, ఒకరోజు తాళం వేసుకుని వెళ్లిపోతుంది. రెండో రకంలో లేని అనుభవాన్ని అమ్ముతారు. ఎక్కడో మూడేళ్లు పనిచేసినట్టు లెటర్, జీతం స్లిప్పులు తయారు చేసిస్తారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండోదే. మొదటి దానిలో డబ్బు పోతుంది. రెండో దానిలో పేరు పోతుంది. పెద్ద కంపెనీలు చేరిక సమయంలోనో, ఆ తర్వాతో అభ్యర్థి పాత ఉద్యోగాల వివరాలను ప్రత్యేక సంస్థలతో తనిఖీ చేయిస్తాయి. 2014 నుంచి పీఎఫ్ సభ్యులకు యూఏఎన్ అనే, ఉద్యోగం మారినా మారని ఒకే నంబరు ఉంది. ఎవరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పీఎఫ్ కట్టారో అందులో కనిపిస్తుంది. మూడేళ్లు పనిచేశానన్న మనిషికి ఒక్క నెల పీఎఫ్ కూడా లేకపోతే అనుమానం రాక మానదు. చేరి ఏడాది దాటాక పట్టుబడినా ఉద్యోగం ఊడుతుంది, ఆ తర్వాత నిజాయితీగా వెతుక్కున్నా ఆ మచ్చ వెంటాడుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లవాడి మీద ఇంత బరువు పెట్టేవాళ్లను శ్రేయోభిలాషులని నేను అనలేను.

ఇక పోర్టళ్లు. నౌకరీ, లింక్డిన్ వంటివి కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటాయి కాబట్టి నా గీటురాయికి నిలుస్తాయి. చిక్కేమిటంటే, ఫ్రెషర్లకు వచ్చే ఒక్కో ప్రకటనకు దరఖాస్తులు వరదలా వస్తాయి. అందరికీ ఒకే రెజ్యూమే పంపితే ఎవరూ చూడరు. ప్రకటనను పోర్టల్‌లో చూసినా, దరఖాస్తు మాత్రం ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని కెరీర్స్ పేజీలో పెట్టండి. అక్కడ ఆ ఉద్యోగం కనిపించకపోతే ప్రకటన పాతదైనా అయి ఉండాలి, నకిలీదైనా అయి ఉండాలి.

నకిలీ ఆఫర్లు ఎక్కువగా వచ్చేదీ ఈ దారిలోనే, ఎందుకంటే మీ ఫోన్ నంబరు అక్కడ నలుగురికీ కనిపిస్తుంది. ఒక విద్యార్థిని నాకు చూపించిన లెటర్ ఇలా ఉంది: పైన పేరున్న కంపెనీ లోగో, కింద సంతకం, జీతం రూపాయలతో సహా లెక్క. ఇంటర్వ్యూ మాత్రం వాట్సాప్‌లో ప్రశ్నలు పంపి జవాబులు తీసుకున్నారు. మెయిల్ వచ్చింది జీమెయిల్ చిరునామా నుంచి. చివరి పేరాలో ల్యాప్‌టాప్‌కు ‘తిరిగి ఇచ్చే డిపాజిట్’ 4,999 రూపాయలు సాయంత్రం 5 గంటల్లోపు కట్టాలని ఉంది. ఆ యూపీఐ ఐడీ కొట్టి చూస్తే తెర మీద వచ్చింది కంపెనీ పేరు కాదు, ఎవరో వ్యక్తి పేరు. డబ్బు కట్టకుండానే ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నిజమైన కంపెనీ ల్యాప్‌టాప్‌కు గానీ, శిక్షణకు గానీ, వెరిఫికేషన్‌కు గానీ చేరక ముందు డిపాజిట్ అడగదు.

పేరు వినని కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. అది ఎప్పుడు నమోదైంది, చిరునామా ఏమిటి, ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నవి అక్కడ తెలుస్తాయి. ఆధార్, పాన్ కాపీలను రెజ్యూమేతో పంపవద్దు. జీతం ఖాతా పేరుతో మీ బ్యాంకు కిట్టూ సిమ్మూ అడిగితే వెంటనే ఆగిపోండి. మోసగాళ్లు దొంగ డబ్బు మళ్లించడానికి అలాంటి ఖాతాలే వాడతారు, పోలీసులు మొదట వచ్చేది ఖాతాదారు ఇంటికే.

ఫ్రెషర్‌కు అన్నిటికంటే బలమైన దారి రిఫరల్, అంటే ఆ కంపెనీలో పనిచేసేవాళ్లు మీ పేరు సూచించడం, అని నా నమ్మకం. ఇక్కడా డబ్బు ఇచ్చేది కంపెనీయే. తాము సూచించిన మనిషి చేరితే చాలా కంపెనీలు ఉద్యోగికి బోనస్ ఇస్తాయి. అందుకే అపరిచితులను అడగడానికి మొహమాట పడనక్కర్లేదు. రిఫరల్‌కు మిమ్మల్నే డబ్బు అడిగిన వాడితో మాత్రం మాట ఆపేయండి.

మా ఇంట్లో నేనే మొదటి గ్రాడ్యుయేట్‌ని, నాకెవరు తెలుసు అని అడిగే పిల్లలు చాలామంది ఉంటారు. నిజమే, పెద్ద కాలేజీల పిల్లలకున్న పరిచయాలు వీళ్లకు లేవు. అది అన్యాయం కూడా. అయినా లింక్డిన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే, పూర్వ విద్యార్థులు ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో కనిపిస్తుంది. తేడా వచ్చేది రాసే తీరులోనే. ‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చెప్పు’ అన్న సందేశానికి జవాబు రాదు, ఎందుకంటే వెతికే పని అవతలి మనిషి మీద పడుతుంది. ఇలా రాసి చూడండి: ‘అక్కా, నేను మన కాలేజీలో 2025లో ఈసీఈ పూర్తిచేశాను. మీ కంపెనీ సైట్‌లో టెస్టింగ్ ట్రైనీ ఉద్యోగం ఉంది, దాని నంబరు ఇది. నేను చేసిన ప్రాజెక్టు లింకు, రెజ్యూమే జతచేశాను. నా వివరాలు సరిపోతాయనిపిస్తే రిఫర్ చేయగలరా?’ చదివిన ఆమెకు మిగిలే పని రెండు నిమిషాలదే.

మెకానికల్, సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లయితే అప్రెంటిస్‌షిప్‌ను రిఫరల్ కంటే ముందు పెట్టమంటాను. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడిచే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో పేరు నమోదు ఉచితం. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, విశాఖ ఉక్కు కర్మాగారం వంటి సంస్థలు ఇంజినీరింగ్ పట్టభద్రులను ఇలా తీసుకుంటుంటాయి. నిర్ణీత కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రం భరిస్తుంది. స్టైపెండ్ జీతమంత ఉండదు, ఏడాది తర్వాత అక్కడే ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు, చట్టం దృష్టిలో మీరు కార్మికుడు కాదు, శిక్షణార్థి. అయినా నిజమైన యంత్రాల మధ్య గడిపిన ఏడాదికి ప్రభుత్వ గుర్తింపున్న సర్టిఫికెట్ చేతికొస్తుంది. కన్సల్టెన్సీ అమ్మే దొంగ అనుభవం పక్కన దీన్ని పెట్టి చూడండి: ఏ తనిఖీకైనా ఇది నిలబడుతుంది. ఇల్లు గడవాల్సిన భారం మీ మీదే ఉంటే మాత్రం ఆ స్టైపెండ్‌తో కష్టమే. అప్పుడు ఊళ్లోనే చిన్న ఉద్యోగంలో చేరి, సాయంత్రాలు రిఫరల్స్ కోసం రాయడం నయం.

జాబ్ మేళాలకు వెళ్లండి, ఖర్చేమీ లేదు. కాకపోతే అక్కడ ఎక్కువగా దొరికేవి సేల్స్, కాల్ సెంటర్ కొలువులని తెలిసి వెళ్లండి.

విదేశీ ఉద్యోగమంటే గీటురాయి ఇంకా గట్టిగా పట్టాలి. డేటా ఎంట్రీ పని అని నమ్మించి తెలుగు యువకులను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అతడు తీసుకోదగిన గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ముందు టూరిస్టు వీసా మీద వెళ్దాం, అక్కడ మార్పిస్తాం అన్నవాడి మాట నమ్మితే పాస్‌పోర్టు కూడా మీ చేతిలో మిగలదు.

ఇప్పటికే ఎవరికైనా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోయి ఉంటే, సిగ్గుపడి దాచకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు చేతులు మారకముందే ఖాతాలో నిలిపేసే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ లావాదేవీ నంబరు, వాట్సాప్ సంభాషణ, ఆ నకిలీ లెటర్ ఏదీ తుడిచేయవద్దు. సర్టిఫికెట్ల ఒరిజినళ్లు వాళ్ల దగ్గరే ఉండిపోతే ఆ సంగతి కూడా ఫిర్యాదులో విడిగా రాయండి.